కృష్ణమ్మ ఒడిలో... గోడ నీడలో!

ఒకవైపు బందరు కాలువ, మరోవైపు కృష్ణానది... మధ్యలో కృష్ణలంక. లంక అంటే నది తెచ్చిన ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేల. ఇచ్చింది నదే. అప్పుడప్పుడూ వచ్చి ‘నాది నాకిచ్చేయ్’ అని అడిగేదీ నదే! బెజవాడలోని ఈ పేట కథంతా ఆ ఇచ్చిపుచ్చుకోవడాల కథే.

ఇసుక మీద ఇళ్లు

1855లో పూర్తయిన ఆనకట్ట బెజవాడ రాత మార్చింది. కాలువలొచ్చాయి, డెల్టా పచ్చబడింది. 1952లో ఆనకట్టకు గండి పడ్డాక దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ కట్టారు. 70 గేట్లతో 1957లో అది సిద్ధమైంది. గేట్లు దించితే నీళ్లన్నీ ఎగువనే ఆగిపోతాయి. దిగువన కృష్ణలంక ముందు ఏడాదిలో చాలా నెలలు ఇసుక తిన్నెలే. పని వెతుక్కుంటూ నగరానికి వచ్చి, అద్దెలు కట్టుకోలేనివారికి ఆ ఖాళీ చోటే ఆసరా అయింది. ముందు పాక, తర్వాత రేకుల ఇల్లు, ఆపైన శ్లాబు... అలా పేట నదివైపు జరుగుతూ పోయింది. రాణిగారితోట, తారకరామానగర్, భూపేష్‌గుప్తానగర్... ఎన్టీఆర్ పేరు ఒక వాడకి, కమ్యూనిస్టు నేత పేరు మరో వాడకి. బెజవాడ రాజకీయం ఇక్కడి వీధుల పేర్లలోనే కనిపిస్తుంది.

గేట్లెత్తితే గుండె దడ

ఎగువన శ్రీశైలం, సాగర్ నిండాయన్న వార్త రాష్ట్రమంతటికీ పండగ. ఇక్కడ మాత్రం సామాన్లు సర్దుకోమన్న కబురు! 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2019 ఆగస్టులో ఎనిమిది లక్షల పైచిలుకు క్యూసెక్కులకే నదివైపు వాడలు మునిగాయి. టీవీ అటక మీదికి, పిల్లలు పునరావాస కేంద్రానికి. నీరు తీశాక ఇంటినిండా బురద.

గోడకు పరీక్ష

ఈ అవస్థకు అడ్డుకట్టగా యనమలకుదురు నుంచి పద్మావతి ఘాట్ వరకూ దశలవారీగా కాంక్రీటు రక్షణ గోడ కట్టారు. 2024 మార్చిలో చివరి దశ, నది పక్కన పార్కు ప్రారంభమయ్యాయి. ఆరు నెలలు తిరక్కుండానే పరీక్ష వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు... బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను ఢీకొన్నాయి. అయినా కృష్ణలంక 2009లోలా మునగలేదు. విచిత్రమేమిటంటే, అవే రోజుల్లో బుడమేరు పొంగి నగరానికి అవతలివైపున్న సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది!

గోడ నదిని ఆపగలదు. లోపల కురిసిన వాననీటికి మాత్రం అదే అడ్డం. మురుగుకాలువలు, తూములు, మోటార్లు సరిగ్గా ఉంటేనే ఆ రక్షణ పూర్తవుతుంది. ఇంకో సంగతీ ఉంది. ఒకప్పుడు వరద భయంతో ఎవరూ కన్నెత్తి చూడని చోటికి ఇప్పుడు సాయంత్రం షికారుకొస్తున్నారు. నేలకు విలువ పెరిగితే, ముందు కదలాల్సి వచ్చేది నిరుపేదలే. బురద కడుక్కుంటూ ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నవారికి, భయం తీరాక కూడా ఇక్కడే చోటుండాలి. కృష్ణలంక బాగుపడిందని అప్పుడే అనగలం.