కల్ అంటే నిన్నా? రేపా?

మా ఇంట్లో ఉర్దూ, కళాశాలలో తెలుగు. 2024లో నాన్నగారి శస్త్రచికిత్స వల్ల ఫీజు కట్టడం ఆలస్యమైంది. "కల్ కే ఆపరేషన్ కా ఖర్చ్" అంటూ అమ్మ వ్రాసిచ్చిన చీటీని చాట్‌జీపీటీ అనే కృత్రిమ మేధకు చూపి, తెలుగులో విన్నపం వ్రాయమన్నాను. "రేపు జరుగబోయే శస్త్రచికిత్స" అని సొగసుగా వ్రాసింది. చదవకుండానే సంతకం చేశాను! "అయిన తర్వాతే రావయ్యా" అని గుమాస్తా త్రిప్పి పంపాడు.

ఉర్దూలో నిన్న కూడా కల్, రేపు కూడా కల్. ముందురోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాణ్ణి గనుక అమ్మ మాట నాకర్థమైంది. యంత్రానికి ఆ వరండా ఎలా తెలుస్తుంది? మళ్ళీ కూర్చొని, శస్త్రచికిత్స ముగిసిందనీ, చదివేది ప్రిన్సిపాలుగారనీ, కోరేది పదిహేను రోజుల గడువనీ, తెలియనిది ఊహించక నన్నే అడగమనీ చెప్పాను.

"శస్త్రచికిత్స ఏ తేదీన జరిగింది?" అని అడిగింది.