రెండు విమానాల మధ్య

విదేశీ ప్రయాణపు టికెట్టు కొనేటప్పుడు కళ్లు ముందుగా ధర మీదికి పోతాయి, తర్వాత మొత్తం ఎన్ని గంటలన్న దాని మీదికి. ఆ రెంటికీ మధ్య, ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కే చోట, చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది: 1 గంట 25 నిమిషాలు. దాని దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. అమెరికాలో ఉన్న కొడుకు అర్ధరాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని, అమ్మానాన్నా తొందరగా చేరిపోతారన్న ప్రేమతోనే ఆ టికెట్టు కొంటాడు. కానీ ఆ గంటా పాతిక నిమిషాలు గడపాల్సింది అతను కాదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ, బీపీ మాత్రలు జేబులో పెట్టుకున్న నాన్న గడపాలి. ఆ అంకెను వాళ్ల నడకతో, వాళ్ల చూపుతో, వాళ్లకు వచ్చిన ఇంగ్లీషుతో కొలిచి చూశాకే టికెట్టు కొనాలని నా గట్టి నమ్మకం.

గంటన్నరకు అయిదు నిమిషాలే తక్కువ కదా, చాలదా అనిపిస్తుంది. చాలదు. టికెట్టు మీద వేసే రాక సమయం విమానం గేటు దగ్గర ఆగే సమయం. అప్పటినుంచి తలుపు తెరవాలి, మూడు వందల మంది తలల మీది అరల్లోంచి సామాన్లు దించుకోవాలి, ఒక్కో వరసా కదలాలి. వెనక సీట్లవాళ్లు బయటపడేసరికి పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. దుబాయ్, దోహా లాంటి చోట్ల విమానం మారేవాళ్లకు కూడా మళ్ళీ భద్రతా తనిఖీ ఉంటుంది. బెల్టు, వాచీ, ఫోను, చేతి సంచి అన్నీ మళ్ళీ ట్రేలో పెట్టాలి. ఆపైన గేటు వెతుక్కోవాలి. దుబాయ్ మూడో టెర్మినల్లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి రైలెక్కాల్సి రావచ్చు. అటువైపు, బయల్దేరే సమయమంటే విమానం కదిలే సమయం. గేటు అంతకు పదిహేను, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. ఆ కొసా ఈ కొసా తీసేస్తే చేతిలో మిగిలేది ముప్పావుగంట. అదీ మొదటి విమానం వేళకు వస్తేనే.

మరి ఇంత ఇరుకైన టికెట్టు ఎలా అమ్ముతారు? ప్రతి పెద్ద విమానాశ్రయానికీ ‘కనీస కనెక్షన్ సమయం’ అని ఒకటి ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది సాధారణంగా 45 నిమిషాలు. అంతకు తగ్గితే రెండు విమానాలను ఒకే టికెట్టుగా కలపరు. అయిదు నిమిషాలు మించినా కలుపుతారు. దారి తెలిసి, బోర్డులు చదువుకోగలిగి, చురుగ్గా నడిచే మనిషికి సరిపోయే లెక్క అది. అరవై అయిదో ఏట మొదటిసారి దేశం దాటుతున్న మనిషి ఆ లెక్కలో లేడు.

పైగా గల్ఫ్‌లోనైనా యూరప్‌లోనైనా పెద్ద విమాన సంస్థలు తమ విమానాలను గుంపుగా దింపి గుంపుగా ఎగరేస్తాయి. మన నగరాల నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరినవి తెల్లవారేసరికి ఒకదాని వెనక ఒకటి అక్కడ దిగుతాయి. రెండు మూడు గంటల్లో అమెరికాకూ యూరప్‌కూ వెళ్లేవి వరసగా లేస్తాయి. ఎక్కువ ఊళ్లను ఎక్కువ ఊళ్లతో కలపడానికి అది అనువైన మార్గం. పిల్లలు ఎంత దూరపు రాష్ట్రంలో ఉన్నా ఒకటి రెండు విమానాలు మారి చేరగలుగుతున్నామంటే ఈ ఏర్పాటు పుణ్యమే. దానికి బదులుగా మనం పెట్టుకోవాల్సిన ఖర్చు వరసలో నిలబడటం.

నాలుగు కాలవల నీళ్లు ఒక్కసారే ఒకే తూము మీదికి వచ్చినట్టు, నాలుగు విమానాల జనం ఒకే తనిఖీ హాల్లోకి వచ్చిపడతారు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ కోసం అగ్నర్ ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లో ప్రచురించిన లెక్కలతో, ఇలాంటి వరసలను కొలిచే క్యూల శాస్త్రానికి పునాది పడింది. ఆ శాస్త్రం చెప్పే ఒక మాట ప్రయాణికులందరికీ తెలియాలి: వచ్చే జనం కౌంటర్ల శక్తికి దగ్గరపడేకొద్దీ నిరీక్షణ కొద్దికొద్దిగా పెరగదు, అమాంతం పెరుగుతుంది. అందుకే ఒకరికి పావుగంటలో తెమిలిన చోటే, అరగంట తర్వాత దిగినవాళ్లు గంటన్నర నిలబడతారు. ‘మా అన్నయ్యవాళ్లకు ఇరవై నిమిషాల్లో అయిపోయింది’ అన్న ధైర్యంతో టికెట్టు కొనకూడదనేది ఇందుకే. ఏ విమానాశ్రయంలో ఏ గంటలో ఎంతసేపు పట్టిందో అమెరికా సరిహద్దు శాఖ సీబీపీ తన వెబ్‌సైట్లో పెడుతుంది. అందులో సగటు చూసి ఊరుకోకండి. మీవాళ్లు దిగే వేళకు అత్యధికంగా ఎంత పట్టిందో చూడండి.

ఎక్కడ ఏ వరస ఉంటుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. ఒకే టికెట్టు మీద దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేటప్పుడు ఇమిగ్రేషన్ ఉండదు. సూట్‌కేసుల్ని వాళ్లే మారుస్తారు. అమెరికాలో అలా కాదు. మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరగాలి. సూట్‌కేసులు బెల్టు మీంచి మనమే దించుకోవాలి, కస్టమ్స్ దాటాలి, వాటిని మళ్ళీ అప్పగించాలి, మళ్ళీ భద్రతా తనిఖీకి వెళ్లాలి, ఆ తర్వాతే లోపలి విమానం. హైదరాబాద్‌లో ‘సామాను చివరిదాకా వేసేశాం’ అన్న మాట విని, బెల్టు దగ్గర ఆగకుండా ముందుకు నడిచిపోయే ప్రమాదం పెద్దవాళ్లకు నిజంగా ఉంది. ఈ సంగతి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వాలి. మన దేశంలోనూ సాధారణంగా ఇదే పద్ధతి: తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో దిగి హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్లకు ఇమిగ్రేషన్ ఢిల్లీలోనే. యూరప్‌లో ఒకే సరిహద్దుగా ఉండే షెంగెన్ దేశాలన్నిటికీ మొదటి గడప దగ్గరే తనిఖీ. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పారిస్ వెళ్లేవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఆ వరసలో నిలబడాలి. 2025 అక్టోబర్ 12న అక్కడ 29 దేశాల్లో బయటివాళ్ల వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే కొత్త పద్ధతి మొదలుపెట్టారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అందులో ఇంకాస్త సమయం పడుతుంది.

వరసను ముందే దాటే దారులు కొన్ని ఉన్నాయి. అబుదాబిలో 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని, విమానం ఎక్కకముందే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేసి పంపుతున్నారు. ఐర్లండ్‌లో డబ్లిన్, షానన్‌లలోనూ ఈ ఏర్పాటుంది. అలా వెళ్లినవాళ్లు అమెరికాలో ఆ దేశపు లోపలి ప్రయాణికుల్లాగే దిగుతారు. పదిహేను గంటలు కూర్చుని కాళ్లు వాచాక మళ్ళీ వరసలో నిలబడే బాధ తప్పుతుంది. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు భారత్‌కు వచ్చిపోయేటప్పుడు వాడుకోవడానికి కేంద్రం 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రారంభించిన వేగ ఇమిగ్రేషన్ పథకం 2025 జనవరిలో శంషాబాద్‌కూ వచ్చింది. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదై వేలిముద్రలు ఇచ్చినవాళ్లకు ఈ-గేటు తెరుచుకుంటుంది.

ఇక ఎంత వ్యవధి ఉండాలి? పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే గల్ఫ్‌లో మూడు గంటలకు తక్కువ వద్దంటాను. అబుదాబిలో ఆ అమెరికా తనిఖీ కూడా ఉంటే నాలుగు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లో ఇంకో విమానం మారాలంటే అక్కడా నాలుగు. వీలైతే అమెరికా లోపల మారే పని లేకుండా, పిల్లలు కారులో రాగల ఊరికే నేరుగా టికెట్టు తీయడం అన్నిటికన్నా మేలు. నాలుగు గంటలు విమానాశ్రయంలో ఖాళీగా కూర్చోవడం నష్టం కాదు. బాత్రూముకు వెళ్లి ముఖం కడుక్కోవచ్చు, మాత్ర వేసుకోవచ్చు, కాసేపు కాళ్లు చాపుకోవచ్చు, ఇంటికి ఫోన్ చేయవచ్చు. ఆ గంటలు వాళ్ల ఆరోగ్యంలో భాగం.

వీల్‌చెయిర్ గురించి కూడా ఒక మాట. నడవలేనివాళ్లు దాన్ని అడగడానికి మొహమాటపడకూడదు; టికెట్టు కొన్నప్పుడే చెప్పాలి. అయితే వీల్‌చెయిర్ ఉన్నవాళ్లను సాధారణంగా విమానంలోంచి అందరికన్నా చివర దింపుతారు. మనిషి వచ్చి తీసుకెళ్లేదాకా ఆగాలి. కాబట్టి కుర్చీ ఉంది కదా అని ఇరుకైన కనెక్షన్ పెట్టకూడదు. నడవగలిగి, భాష రాక భయపడేవాళ్లకు చాలా విమానాశ్రయాల్లో దారి చూపించి వెంట నడిచే మనిషిని డబ్బుకు ఏర్పాటు చేస్తారు. కుర్చీ నిజంగా కావాల్సిన మనిషికి దక్కడానికి ఆ ఖర్చు పెట్టడం సబబు.

తర్వాత ఇమిగ్రేషన్ కౌంటరు. అధికారి అడిగేవి మామూలు ప్రశ్నలే: ఎందుకు వచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్టు ఉందా. నిజం చెప్పాలి, అడిగినంతే చెప్పాలి. కూతురి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్టు, మందుల చీటీ ఒకే ఫైలులో, చేతి సంచి పైనే ఉండాలి. ఫోన్‌లో ఉన్నాయనుకోవద్దు, ఛార్జింగ్ అయిపోతుంది. వేలిముద్రలకు యంత్రం ఒక్కోసారి ఒప్పుకోదు. నాట్లు వేసిన వేళ్లు, ఏళ్ల తరబడి అంట్లు తోమి బట్టలు ఉతికిన వేళ్లు గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం మళ్ళీ మళ్ళీ అడిగితే కంగారుపడక్కర్లేదని వాళ్లకు ముందే చెప్పాలి. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల కష్టం గుర్తు. వేళ్లు కొంచెం తడిగా ఉంటే నయం.

అమెరికా కస్టమ్స్‌లో ఆవకాయ, కారప్పొడి, అరిసెలు ఉన్నాయా అంటే ఉన్నాయనే చెప్పాలి. చెబితే మహా అయితే ఒకటి తీసి పక్కన పెడతారు, దాస్తే జరిమానా. పచ్చి కరివేపాకు మాత్రం అసలు వద్దు. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులును మోసుకొచ్చే అవకాశం ఉన్న మొక్క కనుక అమెరికాలోకి రానివ్వరు. సంచి విప్పి వెతికే ఆ అరగంటలోనే తర్వాతి విమానం వెళ్లిపోవచ్చు.

ఇంత చేసినా మొదటి విమానం ఆలస్యం కావచ్చు. అప్పుడు దిగకముందే విమాన సిబ్బందికి చెప్పాలి. వరసల దగ్గర నిలబడ్డ ఉద్యోగికి బోర్డింగ్ పాస్ చూపించి, బయల్దేరే సమయం మీద వేలు పెట్టాలి. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. చాలాచోట్ల తొందరలో ఉన్నవాళ్లను ముందుకు పంపుతారు. పంపకపోయినా, విమానం తప్పినా లోకం మునిగిపోదు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉంటే తర్వాతి విమానంలో చోటు ఇవ్వాల్సిన బాధ్యత విమాన సంస్థదే. కొన్ని వేలు కలిసొస్తాయని రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. తప్పిన రెండో టికెట్టు డబ్బు పోయినట్టే. ఈ ఒక్క విషయంలో పొదుపు వద్దని అందరికీ చెబుతాను.

ఒకసారి అమెరికాలో ఇమిగ్రేషన్ హాల్లో ఒక పెద్దావిడ నా ముందు నిలబడి ఉంది. చేతిలో తెలుగులో రాసిన కాగితం. మాటిమాటికీ గోడ మీది గడియారం వంక చూస్తోంది. “ఎక్కడిదాకా అమ్మా?” అన్నాను. ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. “డాలస్ వెళ్లాలి బాబూ, మా అమ్మాయికి పురుడు. ఈ విమానం అందుతుందంటావా?” టికెట్టు చూస్తే ఇంకా గంటా యాభై నిమిషాలున్నాయి. మా ముందున్న విద్యార్థులు మన పిల్లలే. సంగతి చెప్పగానే పక్కకు తప్పుకుని, “రండి ఆంటీ, మీరు ముందు వెళ్లండి” అన్నారు. ఒకమ్మాయి బెల్టు దాకా వెంట నడిచి, ఆమె సూట్‌కేసులు దించి, మళ్ళీ అప్పగించి వచ్చింది. ఆ అమ్మాయికీ తర్వాతి విమానం ఉంది. అయినా వెళ్లింది.

ఏటా ఆగస్టులో మన ఊళ్ల నుంచి వేలమంది పిల్లలు చదువులకు ఈ దారుల్లోనే వెళ్తారు. అవే విమానాల్లో అమ్మానాన్నలూ వెళ్తారు, తెలిసినవాళ్లు ఒక్కరూ లేకుండా. ఆ ఇరుకు వేళలో మనిషికి తక్కువయ్యేవి రెండే: సమయం, తోడు. సమయం టికెట్టు కొనే బిడ్డ ఇవ్వగలడు. తోడు మాత్రం వరసలో పక్కన నిలబడ్డవాళ్లే ఇవ్వాలి. దారి తెలిసినవాళ్లందరం ఆ తోడు ఇద్దాం. తెలుగు కాగితం పట్టుకుని దిక్కులు చూసే మనిషి కనిపిస్తే వాళ్లు అడిగేదాకా ఆగవద్దు. మనమే ముందు పలకరిద్దాం.