రెండు డయోడ్లు, ఒక కావిడి

ఈసీఈ తీసుకున్న, తీసుకోబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముఖ్యంగా చదవండి. పోస్టు కొంచెం పొడుగే.

మేము ముగ్గురం. ఇద్దరిది పాడేరు వైపు, ఒకరిది సీతంపేట వైపు. హాస్టల్లో ఒకే రూము. మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ సెమిస్టర్ ల్యాబ్‌లో మినీ ప్రాజెక్టుగా మాకు బ్యాలెన్స్‌డ్ మాడ్యులేటర్ వచ్చింది. కొన్ని బ్యాచ్‌లు రెడీమేడ్ కిట్ కొనేసుకున్నాయి. మా ముగ్గురి దగ్గరా కలిపి ఆరొందలు ఉన్నాయి.

ముందు అసలు సంగతి. మిక్సర్ అంటే రెండు సిగ్నల్స్‌ని గుణించేది. 1000 కిలోహెర్ట్జ్ క్యారియర్‌కి 1 కిలోహెర్ట్జ్ ఆడియో ఇస్తే 1001, 999 పుడతాయి. మన మాట ఉండేది ఆ రెండింటిలోనే. మామూలు ఏఎంలో ఆ 1000 కూడా వెళ్తుంది. ఒకే టోన్‌తో నూరు శాతం మాడ్యులేషన్ చేసినా మొత్తం పవర్‌లో మూడింట రెండు వంతులు అదే తినేస్తుంది, అందులో మాట ముక్క ఉండదు. దాన్ని కొట్టేయడానికే బ్యాలెన్స్.

మేము పుస్తకంలో ఉందని ఎంసీ 1496 ఐసీ తెచ్చాం. అంతకుమించి ఆలోచించలేదు. ఆ బొమ్మలో ప్లస్ 12, మైనస్ 8 వోల్టులు ఉన్నాయి. మాకిచ్చిన సప్లైలో మైనస్ వైపు పనిచేయట్లేదు. సింగిల్ సప్లైతో కూడా నడపొచ్చు, కానీ బయాస్ రెసిస్టర్లు మళ్లీ లెక్కగట్టాలి. మేము లెక్క లేకుండా పెట్టాం. ఐసీ వేలు పెట్టలేనంత కాలింది, పోయింది. ఇంకోటి తెచ్చాం, అదీ పోయింది. సార్‌ని అడగలేదు. "ఇది కూడా రాదా" అంటారేమోనని. నాలుగు రోజులు అలాగే పోయాయి. నిజం చెప్పాలంటే ఒకడు బ్రాంచి మారిపోదామా అన్నాడు.

అప్పుడు మన సీనియర్ అన్నకి ఫోన్ చేశాం. ఏ సర్క్యూట్ మంచిదన్నా అంటే ఆయన తిరిగి మమ్మల్నే అడిగాడు: సప్లై ఎంతుంది? క్యారియర్ ఎంత గట్టిగా ఇవ్వగలరు? ఎంత ఫ్రీక్వెన్సీ? బ్యాటరీ మీద చిన్న రిసీవర్ అయితే ఎన్ఈ 602 బాగుంటుంది, గెయిన్ కూడా ఇస్తుంది, కాకపోతే దగ్గర్లో బలమైన స్టేషన్ ఉంటే తట్టుకోలేదు. డయోడ్లకి సప్లై అక్కర్లేదు, కానీ వాటిని తెరిచి మూసేంత క్యారియర్ కావాలి, పైగా సిగ్నల్ కొంత పోతుంది. మా ఫంక్షన్ జనరేటర్ గట్టిగానే ఇస్తుంది. సరే, డయోడ్లే.

నాలుగు డయోడ్ల రింగ్ అయితే ఆడియోని కూడా అవుట్‌పుట్‌కి రానివ్వదు, కానీ రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాలి. మాకు 1 ఎక్కడ, 1000 ఎక్కడ? చిన్న కెపాసిటర్ పెడితే ఆడియో ఆగిపోతుంది. అందుకే రెండు డయోడ్లు. హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ గారి బిట్ఎక్స్ రేడియోలో కూడా మాటని ఎక్కించేది రెండు డయోడ్లే. కాయిల్స్‌కి ఆయన కుళాయి వాషర్లు వాడారు. అది చదివాక మాకు ధైర్యం వచ్చింది.

పాడైన సీఎఫ్ఎల్ బల్బులోంచి ఫెర్రైట్ రింగు తీసి, మూడు సన్నతీగలు కలిపి మెలేసి పది చుట్లు చుట్టాం. పని ఇలా జరుగుతుంది: క్యారియర్ రెండు డయోడ్లనీ ఒకేసారి తెరిచి మూస్తూ ఆడియోని కోస్తుంది. తాను మాత్రం రెండు చివర్లా సమానంగా, ఎదురెదురుగా వచ్చి మధ్యలో పోతుంది. సీతంపేటవాడు వెంటనే అన్నాడు, మా నాన్న అనాసపళ్ల కావిడిరా ఇది అని. రెండు బుట్టలూ సమానమైతే బద్ద ఒరగదు. ఒక్క పండు తేడా వచ్చినా ఒరుగుతుంది.

మాకూ ఒరిగింది. ఆడియో తీసేసినా సీఆర్ఓ మీద క్యారియర్ లావుగా కనబడింది. మర్నాడు 1ఎన్ 4148 డయోడ్లు ఇరవై తెచ్చి, మల్టీమీటర్‌తో ఒక్కోటి కొలిచి, ఒకే రీడింగ్ వచ్చిన జత ఏరాం. మధ్యలో 100 ఓమ్‌ల ప్రీసెట్ పెట్టి తిప్పుతుంటే గీత సన్నబడింది. ఇంకా కొంచెం మిగిలితే ఒక పక్కన ట్రిమ్మర్ కెపాసిటర్ పెట్టాం. రాత్రి పదకొండింటికి గీత దాదాపు చదునైంది. వార్డెన్ వచ్చి తిట్టేదాకా అరిచాం.

వైవాలో మేడం ఒక డయోడ్‌ని వేళ్లతో పట్టుకుంది. క్యారియర్ మళ్లీ లేచింది. ఎందుకని అడిగింది. వేడికి డయోడ్ వోల్టేజి డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది మేడం, ఒక బుట్ట బరువు మారింది అని తెలుగులోనే చెప్పాం. నవ్వి, బుట్ట ఏంటని అడిగింది. కావిడి గురించి ఐదు నిమిషాలు చెప్పాల్సొచ్చింది.

మిగిలిన పద్దెనిమిది డయోడ్లు రూములో ఉన్నాయి. కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, కొలిచి జతలు కట్టి ఇస్తాం.