‘తెలియదు’ అని రాసుకునే ముందు

కొన్నేళ్ళ క్రితం ఆరోగ్య సర్వే కోసం ఒక పల్లెకు వెళ్ళాను. ఫారంలో ఒక ప్రశ్న: “గర్భిణికి ప్రాణాపాయాన్ని సూచించే లక్షణాలేవి?” జవాబులు మనం అందించకూడదు. “ఇంకా?” అని మాత్రం అడగవచ్చు.

ఎనిమిదో నెల గర్భిణి ఒకామె తలవంచుకుని ఊరుకుంది. “తెలియదు” అన్న గడిలో టిక్కు పెట్టాను.

పక్కింట్లో తొందరపడి నేనే ఒక్కొక్కటీ చదివాను. “రక్తం పోతే ప్రమాదమేనా?” “ఔనండీ.” “ఫిట్సు వస్తే?” “ఔనండీ.” అనుమానం వచ్చి, “చెవిపోటు వస్తే?” అన్నాను. “ఔనండీ!”

చూశారా! అందించి అడిగితే తెలియనివారికీ మార్కులు పడతాయి. అందించకుండా అడిగితే తెలిసినవారికీ నోరు పెగలదు.

తిరిగి వస్తుంటే మొదటి ఇంటామె గుమ్మంలోంచి మెల్లగా పిలిచింది.

“డాక్టరమ్మా! మా అక్కకు ముఖం ఉబ్బి, కళ్ళు మసకలు కమ్మి, ఆ రాత్రే గుర్రపువాతం వచ్చి పోయింది. నాకూ రెండ్రోజులుగా ఒకటే తలనొప్పి. అలాంటిదేం కాదు గదా?”

ఫారం ప్రకారం ఏమీ తెలియని మనిషి! బి.పి. చూస్తే 160/110. అత్తగారికి నచ్చజెప్పి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపించాం. తల్లీ బిడ్డా దక్కారు. ఆ టిక్కు మాత్రం నన్నింకా బాధిస్తూనే ఉంది.

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, రక్తస్రావం, ఫిట్సు, కాన్పు ఆలస్యం కావడం గురించి గర్భిణులకు ఎవరైనా చెప్పారా అని అడిగారు. అవసరమైన ప్రశ్నే. కాని చెప్పినంత మాత్రాన గుర్తుంటుందని లేదు. గుర్తున్నా, ఇంట్లోవాళ్ళు కదలనిదే ఆమె గడప దాటలేదు.

అందుకే సోదరీమణులారా, ఇవి ఇంటిల్లిపాదికీ తెలియాలి. రక్తం పోవడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు వాయడం, ఫిట్సు, తీవ్రమైన కడుపునొప్పి, అధిక జ్వరం, నెలలు నిండకుండా ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనిద్దామనుకోకండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. సాయంత్రానికి పాదాలు కాస్త వాయడం చాలామందికి మామూలే. అయినా ప్రతి తనిఖీలోనూ బి.పి. చూపించుకోండి.

సర్వేకు వెళ్ళే అమ్మాయిలకూ ఒక మాట. ఫారం మూశాక ఒక్క నిమిషం కూర్చోండి. “మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు కష్టమైందా అమ్మా?” అని అడగండి. అసలు జవాబు అప్పుడు వస్తుంది.