బోరింగు నీళ్ల ఊరు

కనిగిరికి పడమటి దిక్కున ఉన్న మెట్ట పల్లె అది. రెడ్ల బజారు, గొల్లల ఇళ్లు, ఊరవతల ఎస్సీ కాలనీ, నడుమ పీర్లచావిడి. ముస్లింల ఇళ్లు నాలుగైదే. పీర్లు లేచే రోజున మాత్రం ఊరంతా గుండం దగ్గరే ఉంటుంది. కంది, సజ్జ వేస్తారు, వాన నిలిస్తే పొగాకు. వయసులో ఉన్నవాళ్లు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు పోయారు. తాళాలు పడ్డ ఇళ్లు సంక్రాంతికి తెరుచుకుంటాయట.

చావిడి అరుగు మీది పెద్దాయనను పలకరించాను. ఆయన మెడ తిరగలేదు, మనిషే తిరిగాడు. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు. గార పళ్లంటారు ఇక్కడ.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోది. 1937లో షార్ట్ అనే దొర, తోటి వైద్యులు నీటిలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోతాయని వైద్యలోకానికి చెప్పింది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. డాక్టర్ల కంటే ముందు రైతులే కనిపెట్టారంటారు, కాడెద్దులు నడవలేక చతికిలబడుతుంటే.

బోరింగు దగ్గర ఒకావిడ బిందె అడుగున తెల్లటి చార చూపించింది. అది సున్నం. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. రాళ్లలోంచి కరిగి నీళ్లలో చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. కాచినా పోదు సరికదా, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను కొంటున్నారు. అన్నం, పప్పు మాత్రం బోరింగు నీళ్లతోనే ఉడుకుతున్నాయి. డబ్బు పెట్టి క్యాను కొన్నా కడుపులోకి పోయేది పోతూనే ఉందన్నమాట.

శ్రీశైలం జలాశయం నుంచి కొండల కింద సొరంగాలు తవ్వి కృష్ణ నీళ్లు ఈ ప్రాంతానికి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కో సొరంగం పద్దెనిమిది కిలోమీటర్ల పైమాటే. 2024 మార్చిలో రెంటినీ జాతికి అంకితం చేశారు. ఆ మాటెత్తితే పెద్దాయన, "కాగితాల్లో పారుతున్నాయిలే నాయనా" అన్నాడు.

ఊరి పేరు రాసుకోబోతుంటే ఆపాడు. "పేరు మాత్రం వేయొద్దు. ఇప్పటికే మా ఊరికి పిల్లనివ్వడానికి జంకుతున్నారు." రాసుకున్నది కొట్టేశాను.