కంటి సూదికీ క్లెయిమ్ ఉంది

చక్కెర జబ్బు కంటి మీదికి వస్తే ఇల్లంతా దిగులే. మా వారికి రెటీనాలో నీరు చేరి, పేపర్లో అక్షరాలు వంకరగా కనపడసాగాయి. డాక్టరుగారు స్టెరాయిడ్ ఇంప్లాంట్ వెయ్యాలన్నారు. డెక్సామెథసోన్ మందుతో చేసిన చిన్న పుల్ల అది. బియ్యపుగింజంత పొడవు, దారమంత సన్నం. సూదితో కంట్లోకి పంపితే మెల్లగా కరుగుతూ కొన్ని నెలలు పనిచేస్తుంది. తర్వాత మళ్ళీ అవసరం పడొచ్చు.

ఆ ఒక్క సూదికే మా ఇంటి మూడు నెలల ఖర్చయింది. పైగా బీమా కంపెనీ, "ఆస్పత్రిలో 24 గంటలు ఉండలేదు కనుక డబ్బు రాదు" అని ఉత్తరం రాసింది. "ఇంక రెండోది వేయించుకోనులే" అనేశారు మా వారు. నా గుండె గుభేలుమంది. డబ్బుకు వెరచి కన్ను వదులుకుంటామా, చెప్పండి?

నేను చదివింది ఇంటరే. అయినా పాలసీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. 'ఆధునిక చికిత్సలు' అన్నచోట పన్నెండు పేర్లున్నాయి. అందులో 'ఇంట్రావిట్రియల్ ఇంజెక్షన్లు' ఒకటి. అంటే కంటి లోపలికిచ్చే సూదులే! ఈ పన్నెండింటినీ పాలసీల్లోంచి తీసెయ్యకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2019లోనే చెప్పింది. ఆస్పత్రిలో చేరినా, డే కేర్‌గా చేయించుకున్నా వర్తిస్తుంది. కాకపోతే 'ఇంతవరకే ఇస్తాం' అని కంపెనీ పరిమితి పెట్టుకోవచ్చు.

ఇక బిల్లు సంగతి. అందులో 'ఇంజెక్షన్ చార్జీలు' అని ఒక్క ముక్కే ఉంది. అది చూస్తే చేతికిచ్చే మామూలు సూదే అనుకోరూ? ఆస్పత్రివాళ్ళనడిగి మందు ధర, ఆపరేషన్ థియేటర్ చార్జీ, డాక్టరు ఫీజు విడివిడిగా రాయించాను. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కరు, డే కేర్ అని రాసిన డిశ్చార్జి కాగితం జతచేసి, పాలసీలోని ఆ పేజీని చూపిస్తూ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. పరిమితి మేరకు డబ్బొచ్చింది. మిగతాది మేం పెట్టుకున్నాం. రెండో సూదికి మా వారు మారుమాట్లాడలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స చెబితే, ముందుగానే పాలసీలో ఆ పేజీ, పరిమితి చూసుకోండి. ప్రతి కాగితానికీ జిరాక్సు ఉంచుకోండి. కంపెనీకి రాసిన నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది సబబుగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. హైదరాబాదులో ఆఫీసుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే ఏడాదిలోగా రాయాలి.

అన్నట్టు, స్టెరాయిడ్ వల్ల కంట్లో ప్రెషర్ పెరగొచ్చు. డాక్టరు రమ్మన్న రోజున పరీక్షకు తప్పక తీసుకెళ్ళండి.