ఆరేదాకా ఆగి

మేము 12 మందిమి. ఐదుగురం బడిపంతుళ్లం, మిగిలినవాళ్లు మా ఊళ్ల కుర్రాళ్లు, ఆడపిల్లలు. సవరలం ఉన్నాం, జాతాపులం ఉన్నాం. ఒక వేసవి సెలవుల్లో సీతంపేట కొండలు దిగి, నూనె రంగులతో బొమ్మలు వేయడం నేర్పే శిబిరానికి పట్నం వెళ్లాం. 10 రోజులు అక్కడే ఉన్నాం.

మొదటి రోజు గురువుగారు కాగితాలిచ్చి, "మీకు తోచింది వేయండి" అన్నారు. గంట తర్వాత చూసుకుంటే తొమ్మిదిమంది కాగితాల మీద ఒకటే బొమ్మ. మూడు మూలల కొండలు రెండు, మధ్యన సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. మా ఊళ్ల చుట్టూ ఉన్న కొండ ఒక్కటీ అలా ఉండదు. మా వాకిళ్ల ముందు ఉండేవి చింత, పనస, జీలుగు. ఒకరి కాగితం ఒకరు చూసి అందరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక పంతుళ్లం తల దించుకున్నాం. ఆ కుర్రాళ్లలో ముగ్గురు మా దగ్గర చదివినవాళ్లే. డ్రాయింగు పీరియడులో ఆ 'సీనరీ'ని బోర్డు మీద వేసి, చూసి దించమన్నది మేమే. కొండల్లో పుట్టిన పిల్లలకు కొండ ఎలా ఉంటుందో తప్పుగా నేర్పాం.

రెండో రోజు రంగుల ట్యూబులు విప్పాం. పసుపుపచ్చ ఓకర్, ఎర్రమట్టి రంగు సియెన్నా, ముదురు గోధుమ అంబర్. ఇవన్నీ భూమిలోంచి తీసిన మన్నేనని, అవిసె నూనెలో నూరారని గురువుగారు చెప్పారు. మా అమ్మలు గోడలకు అలికేదీ మన్నే కదా అనుకున్నాం. అప్పటిదాకా ఉన్న బెరుకు సగం పోయింది. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె ఎన్నాళ్లు ఉంచినా ఆరవు. అవిసె నూనె గాలిని పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకే ఆ నూనె వాడతారు.

కింది పూత పలచగా, టర్పెంటైనుతో ఉండాలి. నూనె ఎక్కువున్న పూత దాని మీద రావాలి. తిరగేస్తే కిందిది ఆరకముందే పైది ఆరి, కొన్నాళ్లకు బీటలు తీస్తుంది. మా కుర్రాడొకడు తొందరపడి మొదటే తెల్లరంగు మందంగా పూశాడు. దాని మీద వేసిన ఆకుపచ్చ కలిసిపోయి అంతా బురదైంది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న పెద్ద మాస్టారు, "మట్టిగోడ పెట్టేటప్పుడు మొదటి వరస ఆరకుండా రెండోది పెడతామేట్రా?" అన్నారు. ఇద్దరూ కలిసి కత్తితో రంగంతా గీకి, గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. ఈ రంగులో ఉన్న మంచి అదే. ఆరేలోగా తప్పు దిద్దుకోవచ్చు.

ఆరేదాకా ఆగాలి కనుక చేతిలో పని ఉండేది కాదు. ఆ ఖాళీలో ఒకరి వెనక ఒకరం నిలబడి చూసేవాళ్లం. నీడలు నల్లగా కాక నీలంగా ఉంటాయని ఒకమ్మాయి ముందుగా కనిపెట్టింది. మర్నాటికి అందరి కొండల మీదా నీలి నీడలు పడ్డాయి. అది కాపీ అని ఎవరూ అనుకోలేదు. ఊడ్పుల్లో ఒకరి చెయ్యి చూసి ఇంకొకరి చెయ్యి ఆడినట్టే అది.

ఐదో రాత్రి ఒక సవర పిల్ల అడిగింది: "మాస్టారూ, మా తాత గోడ మీద పెద్దలకు వేసే బొమ్మను ఇక్కడ వేయొచ్చా? ఎవరైనా కొనుక్కుపోతే పెద్దలకు కోపం రాదా?"

చాలాసేపు వాదించుకున్నాం. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన ప్రధాన్ గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ సంగతి ఒకరు ఎత్తారు. ఆయన గోడ మీది బొమ్మను కాగితం మీదికీ, కాన్వాసు మీదికీ తెచ్చారు. 1989లో పారిస్ ప్రదర్శనలో ఆయన చిత్రాలున్నాయి. భోపాల్‌లో తన చుట్టాలను చేరదీసి నేర్పారు. వాళ్లలో భజ్జు శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. "ఆయన వేస్తే తప్పు కాలేదు కదా" అన్నారు కొందరు. "మన బొమ్మ అలంకారం కాదు, మొక్కు. అడగాల్సింది తాతను, మనల్ని కాదు" అన్నారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

తెల్లారి ఆ పిల్లే దారి కనిపెట్టింది. మొక్కు బొమ్మ వేయలేదు. బొమ్మ వేస్తున్న తాతను వెనకనుంచి వేసింది. ఒంగిన వీపు, ఎర్రమట్టి గోడ, చేతిలో వెదురుపుల్ల, చిప్పలో బియ్యపు పిండి. గోడ మీది బొమ్మ తాత భుజం చాటున ఉండిపోయింది. గోడ రంగు కలపడానికి ఒకరు, దీపం వెలుగు ఏ పక్కనుంచి పడుతుందో చూపడానికి ఇంకొకరు సాయం పట్టారు. కుంచె మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

పదో రోజు గోడకు 12 చిత్రాలు తగిలించాం. తొమ్మిదింటిలో కొండలున్నాయి. ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదాని మీద పోడు కాల్చిన నల్ల మచ్చ, ఒకదాని మీద అనాస తోట, ఇంకొకదాని మీద మబ్బు కూర్చుంది. తాత చిప్పలోని తెలుపు ఇంకా వేలికి అంటుతూనే ఉంది. పెట్టెలో పెట్టకుండా, ఒళ్లో నిలబెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాం.

బళ్లు తెరిచాక డ్రాయింగు పీరియడులో సుద్దముక్క పట్టుకోకుండా పిల్లలను బయటికి తీసుకెళ్లాం. "మాస్టారూ, సీనరీ వేయరా?" అని అడిగారు. "ఎదురుగా ఉంది కదర్రా" అన్నాం. కొందరు అప్పటికీ మూడు మూలల కొండే వేశారు. మేం ఏమీ అనలేదు. పక్కవాళ్ల కాగితం చూడమన్నాం, కొండను ఇంకోసారి చూడమన్నాం. మేం నేర్పిన తప్పు ఒక్క పీరియడులో పోదు. తుడిచి మళ్లీ వేసుకోవడానికి వాళ్లకు వీలివ్వాలి, ఆరేదాకా మేం ఆగాలి.